ఇంకుజెట్ ప్రింటరు: పట్టా యొకరిది, పెత్తన మొకరిది

కాగితముపై అచ్చు తీయు చిన్నయంత్రము నేడు దొరల కచేరీలకు మాత్రమే చెందిన వస్తువు కాదు. జిల్లా కేంద్రములందలి మీ-సేవ దుకాణములలోను, న్యాయవాదుల గదులలోను, బడిపిల్లలున్న గృహములలోను అది ప్రవేశించి చాలకాలమైనది. అడంగలు నకలు కావలసిన రైతునకును, అప్పుపత్రము వ్రాయించుకొను వర్తకునకును, పరీక్షకు దరఖాస్తు పంపు విద్యార్థికిని దాని సహాయము లేనిదే పని జరుగదు. ఇట్టి యంత్రమును రొక్క మిచ్చి కొనినవాడు దానికి యజమానియా, లేక చేసిన కంపెనీకి కౌలుదారు మాత్రమేనా యను ప్రశ్నను నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము. తమంతట తాము విప్పి చూచుకొని, బాగుచేసికొని, ఇతరులకును చేసి యీయదగిన ఇంకుజెట్ ప్రింటరు నొకదానిని నిర్మింపవలెనని కొందరు యత్నించుచున్నారు. ఆ యత్నమున కెదురగు కష్టము లేవో, అవి దాటదగినవో కావో విచారించుట యవసరమని తలచుచున్నాము.

ఈ వ్యాపారము యొక్క రహస్యము మిక్కిలి సామాన్యమైనది. యంత్రమును చౌకగా నమ్మి, సిరాను ప్రియముగా నమ్ముటయే యది. ఒక వడ్రంగి బండిని సగము ధరకే యిచ్చి, ఇరుసునకు పూయు ఆముదమును మాత్రము తన గానుగయందే కొనవలయునని షరతు పెట్టినచో మన రైతు లేమందురు? మొదటి సంవత్సరము వడ్రంగి దాతగా దోచును. మూడవ సంవత్సరమునకు బండి ధర ఆముదము క్రింద రెండుమారులు చెల్లిపోయి యుండును. పై యుపమానమునందు రైతు పొరుగు గానుగ నూనె పూసినను చక్రము తిరుగక మానదు. ప్రింటరు విషయమున నట్లు గాదు. సిరాబుడ్డిపై నొక చిన్న చిప్పు నమర్చి, ఆ చిప్పు తనదైన గుర్తు చెప్పినగాని యంత్రము కదలకుండునట్లు చేయుట నేటి రివాజు. 2016 సెప్టెంబరునందు హెచ్.పి. సంస్థవారి కొన్ని ప్రింటర్లు, అంతవరకు అంగీకరించుచుండిన పరాయి కార్ట్రిడ్జిలను ఒక్కసారిగా నిరాకరించినవి. యంత్రములోపలి ఆజ్ఞావళి యందు ముందుగానే చేసిన యేర్పాటే యందులకు కారణము. ఇట్టి నిర్బంధములను గూర్చి కొనుగోలుదారులకు సరిగా తెలియజేయలేదని 2020లో ఇటలీదేశపు వ్యాపార పోటీ పర్యవేక్షణ సంస్థ యా కంపెనీకి కోటి యూరోల జరిమానా విధించినది. రాత్రి నిద్రించి యుదయమున లేచువరకు తన యింటి వస్తువు మరొకరి యాజ్ఞకు లోబడి మొరాయించుట యాస్తిహక్కు నెరిగిన వారెవ్వరును సహింపదగినది గాదు.

ఈ బాధకు విరుగుడుగా చెప్పబడుచున్నది ఓపెన్ సోర్సు పద్ధతి. యంత్రము యొక్క పటములను, విద్యుత్పలకల రచనను, లోపలి ఆజ్ఞావళిని దాచక లోకమునకు వెల్లడించి, ఎవరైనను చదివి, మార్చి, తయారుచేసి, అమ్ముకొనవచ్చునని యనుమతి నిచ్చుటయే దీని సారము. విచిత్రమేమనగా, ఈ యుద్యమమునకు బీజము పడినది ప్రింటరు కడనే. 1980 ప్రాంతమున అమెరికాయందలి ఎం.ఐ.టి. కృత్రిమమేధా ప్రయోగశాలకు జిరాక్సు కంపెనీవారొక లేజరు ప్రింటరును కానుకగా నిచ్చిరి. అది మాటిమాటికి కాగితము చిక్కుకొని నిలిచిపోవుచుండెను. పూర్వపు యంత్రమున కట్టి సందర్భములందు హెచ్చరిక పంపు నేర్పాటును తామే చేసికొనియుండిన రిచర్డు స్టాల్‌మన్, క్రొత్త యంత్రమునకును అట్లే చేయనెంచి మూలాజ్ఞావళి నడుగగా, అది కలిగియున్న వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుడు రహస్యపు ఒడంబడికను జూపి నిరాకరించెను. ఆ నిరాకరణము స్టాల్‌మన్ మనస్సున నాటుకొనినది. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ప్రణాళికకు అదియొక ప్రేరణ. నాటినుండి నలుబది సంవత్సరములు దాటినవి. స్వేచ్ఛా సాఫ్టువేరు లోకములోని మహాకార్యాలయములను నడుపుచున్నది. మన హైదరాబాదునందు 2005లో వెలసిన స్వేచ్ఛ సంస్థవంటివి తెలుగుననే పనిచేయు కంప్యూటరు వ్యవస్థను సమకూర్చినవి. కాని యే యంత్రము వలన నీ కథ మొదలైనదో ఆ ప్రింటరు మాత్రము నేటికిని బందీగనే యున్నది.

బందీ యనునపుడు యంత్రమునందలి యే భాగము బందీయో తెలిసికొనవలయును. కంప్యూటరునుండి పుటను గ్రహించి చుక్కలుగా మార్చు పని యిదివరకే స్వేచ్ఛ పొందినది. 1988లో వెలువడిన ఘోస్ట్‌స్క్రిప్టును, 1999లో వెలువడిన కప్స్ అను ముద్రణవ్యవస్థయు నీ పనిని నిర్వహించుచున్నవి. అంగుళమునకు 600 చుక్కల చొప్పున ఒక ఏ4 కాగితము నిండ నచ్చువేయవలెనన్న సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కల స్థానములను నిర్ణయింపవలసియుండును. నాలుగు రంగులకు నాలుగు రెట్లు. ఇంతటి లెక్కను నేటి చిన్న కంప్యూటరు పలక సైతము సులభముగా చేయగలదు. కావున కష్టము బుద్ధిబలముతో వ్రాయదగిన ఆజ్ఞలయందు లేదు. చేతితో చేయవలసిన వస్తువునందు గలదు.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. త్రిపరిమాణ వస్తువులను పోతపోయు త్రీడీ ప్రింటరు ఇంతకంటె జటిలమైనది గదా, అదెట్లు ప్రజల సొత్తయ్యెను? 2005లో ఇంగ్లండునందలి బాత్ విశ్వవిద్యాలయమున ఏడ్రియన్ బోయర్ రెప్‌రాప్ అను ప్రణాళికను ప్రారంభించి, తన భాగములను తానే కొంతవరకు తయారుచేసికొను యంత్రమునకు పటములను లోకమునకు వెల్లడించెను. 2009లో ఆ పద్ధతికి మూలమైన స్ట్రాటసిస్ వారి పేటెంటు గడువు ముగియగానే యీ యంత్రములు వేలకొలది వెలసినవి. కాని పోలిక యందలి భేదమును గమనింపవలయును. త్రీడీ ప్రింటరు ముక్కు ఒక యిత్తడి తునక. దాని రంధ్రము సాధారణముగా 0.4 మిల్లీమీటరు. మంచి పనిముట్లున్న లేతుపనివాడెవ్వడైనను దానిని తొలువగలడు. ఇంకుజెట్ రంధ్రమో, తలవెంట్రుక మందములో మూడవ వంతో, అంతకన్న తక్కువయో యుండును. అట్టివి వందలకొలది వరుసదీరి, ఒక్కొక్కటి వేరువేరుగా ఆజ్ఞను పాటింపవలెను. ఇది లేతు పని గాదు.

ఈ ముక్కు పనిచేయు విధము వినదగినది. 1977లో జపానునందలి క్యానన్ సంస్థ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలయందు, సిరా నింపిన సూదిమొనకు కాలుచున్న టంకపు కడ్డీ తగులగా సిరా చివ్వున చిమ్మెను. ఆ చిన్న ప్రమాదమునుండి బబుల్‌జెట్ పద్ధతి పుట్టినది. అదే దశాబ్దాంతమున హెచ్.పి. ప్రయోగశాలయందును స్వతంత్రముగా నిట్టి భావమే యుదయించెను; 1984లో వారి థింక్‌జెట్ బజారునకు వచ్చెను. రంధ్రము వెనుకనున్న అతిసూక్ష్మమైన తాపపు పొర సెకనులో పదిలక్షల వంతులు రెండు మూడింటిలో సుమారు 300 డిగ్రీల వేడి నందుకొనును. దానినంటిన సిరాపొర ఆవిరిబుడగయై ఉబ్బి, ముందున్న సిరాను బొట్టుగా తరుమును. బుడగ చల్లారి కూలగానే వెలితిని పూరించుటకు క్రొత్తసిరా లోనికి వచ్చును. ఇది సెకనునకు వేలసార్లు జరుగును. బొట్టు పరిమాణము కొన్ని పికోలీటర్లు, అనగా లీటరులో లక్షకోట్ల వంతులు కొన్ని. ఎప్సన్ సంస్థవారు వేడికి బదులుగా, విద్యుత్తు తగిలిన వంగు పీజో పలకలతో సిరాను నొక్కి చిమ్మింతురు. ఏ పద్ధతియైనను, దానిని తయారుచేయవలసినది దుమ్ముకణము చొరరాని గదులయందు, కంప్యూటరు చిప్పులను చేయు సాధనములతోనే. పటమును వెల్లడించినంత మాత్రమున దానిని పెరటిలో చేసికొనుట సాధ్యముగాదు. బావి త్రవ్వుటకు హక్కు వచ్చినను, రాతిని పగులగొట్టు సాధనము లేనిచో నీరు రాదు గదా!

రంధ్రముల సంఖ్య యెందుల కింత ముఖ్యమో మన తెలుగు లిపియే చెప్పును. స్వయముగా ప్రయోగములు చేయువారు తొలుత చేపట్టిన సి6602 అను పాత కార్ట్రిడ్జికి 12 రంధ్రములు. అంగుళమునకు 96 చుక్కలు. పది పాయింట్ల అక్షరమునకు నిలువున దక్కునవి 13 చుక్కలు. ఆ పదుమూడింటిలోనే తలకట్టు, గుడి, అక్షరము, క్రింది వత్తు ఇముడవలెను. రోమను అక్షరమెట్లో గట్టెక్కును గాని మన ‘స్త్రీ’యు, ‘క్ష్మి’యు సిరామరకలగును. అంగుళమునకు 600 చుక్కలైనచో నదే యక్షరమునకు 83 చుక్కలు లభించును. అప్పుడుగాని చదువదగిన తెలుగు కాగితముపైకి రాదు. చౌకయైన నాసిరకపు పరికరముతో సరిపెట్టుకొను అవకాశము ఇతర భాషలవారికంటె మనకు తక్కువ.

ముక్కు తరువాతి కష్టము సిరా. చూచుటకు రంగునీరువలె నున్నను అది మిక్కిలి కొలతగల పదార్థము. పలుచనైనచో రంధ్రమునుండి తనంత కారును; చిక్కనైనచో కదలదు. ద్రవధార బొట్లుగా తెగిపోవు సూత్రమును 1878లోనే రేలీ ప్రభువు గణితముచే నిరూపించెను. అయినను ప్రధానబొట్టు వెనుక పిల్లబొట్లు పడి అక్షరపు టంచులను చెరుపకుండ చేయుట నేటికిని నేర్పుతో గూడిన పనియే. ఇంక నొక విరోధము గలదు: అదే సిరా కాగితముపై క్షణములో నారవలెను, రంధ్రమునందు వారములతరబడి ఆరకుండవలెను. అందులకే ప్రతి ప్రింటరునందును మూలనొక రబ్బరుమూత, తుడుచు పట్టీ, వ్యర్థపుసిరాను పీల్చు మెత్తయు నుండును. మన మండువేసవిలో నెల దినములు వాడక మూసియుంచిన ప్రింటరు గతి యేమగునో అనుభవించినవా రెరుగుదురు. స్వేచ్ఛాయంత్రమును కట్టబూనువారు ఈ మూలనున్న దాసీపనిని చిన్నచూపు చూచిరేని, వారి యంత్రము ప్రదర్శనశాలయందు పనిచేసి, గృహమునందు ఎండిపోవును.

మూడవది కాగితపు నడక. అంగుళమునకు 600 చుక్కలనగా రెండు చుక్కల నడిమి దూరము మిల్లీమీటరులో సుమారు నూటికి నాలుగు వంతులు. బండి అడ్డముగా పరుగెత్తి వచ్చిన పిదప కాగితము ఆ కొలతకు తగినట్లు జరుగనిచో పుటపై తెల్లని చారలు పడును. ఇది కష్టమేగాని యసాధ్యము గాదు. మంచి మోటారు, గీతల పట్టీ, రబ్బరు రూళ్లు, ఓపిక గల మెకానిక్కు ఉన్నచో కుదురును. ఈ భాగమున స్వేచ్ఛాయంత్రము కంపెనీవారి దానితో సమానము కాగలదనియే మా విశ్వాసము.

ఇంతవరకు జరిగిన యత్నములు ముక్కును తాము చేయక, బజారున దొరకు కార్ట్రిడ్జిలోనిదానిని వాడుకొనినవి. హెచ్.పి. 45 అను కార్ట్రిడ్జికి 300 రంధ్రములు గలవు. వాని నన్నింటిని 22 చిరునామా తీగలును, 14 శక్తితీగలును నడుపునని కనిపెట్టి, ఆ విషయమును ప్రయోగపరులు దాచుకొనక ప్రచురించిరి. దానితో పొడిపై జిగురు చిమ్మి వస్తువులు చేయు యంత్రములను సైతము కట్టిరి. 2025లో పారిసునందలి ఓపెన్ టూల్స్ అను చిన్న బృందము ఓపెన్ ప్రింటరు అను యంత్రమును ప్రకటించినది. హెచ్.పి. 63, 302 రకముల కార్ట్రిడ్జిలను తాళము లేకుండ స్వీకరించుట, మరల నింపుకొన నిచ్చుట, విడి కాగితమునే గాక చుట్టకాగితమును గూడ వాడనిచ్చుట, భాగములను సులభముగా మార్చుకొనవీలగుట దాని లక్షణములుగా చెప్పబడినవి. ఈ సాహసమును మనసార నభినందించుచున్నాము.

అభినందించుచునే రెండు మాటలు చెప్పక తప్పదు. మొదటిది: ముక్కు కార్ట్రిడ్జితోనే వచ్చుచున్నంతకాలము, ఆ కార్ట్రిడ్జిని చేయు కంపెనీ దయపైననే యీ స్వేచ్ఛ నిలుచును. వారా రకమును మానివేసిన దినమున స్వేచ్ఛాయంత్రము ఖాళీగూడగును. చెరువు మనదైనను తూము పైయూరివారి చేతనున్నచో పంటకు భరోసా యేది? రెండవది: ఆ యంత్రపు పటములకు ఎంచుకొనబడిన లైసెన్సు వ్యాపారార్థ వినియోగమును నిషేధించునది. కష్టపడి చేసినదానిని పెద్ద కర్మాగారములు ఎత్తుకొనిపోవునను వారి భయము మాకర్థమగును. కాని విజయవాడయందో, వరంగల్లునందో ఒక మెకానిక్కు పది యంత్రములు కట్టి యమ్ముకొని బ్రతుకుటకు వీలులేని స్వేచ్ఛ సంపూర్ణస్వేచ్ఛ కానేరదు. రెప్‌రాప్ లోకమంతట వ్యాపించుటకు అమ్ముకొను హక్కును దానితో పంచియిచ్చుటయు నొక ముఖ్యకారణము.

ఇంక ప్రతిపక్షమువారి వాదములను పరిశీలింతము. “కొన్ని వేల రూపాయలకు మంచి ప్రింటరు దొరకుచుండగా, అంతకు రెట్టింపు వ్యయముతో నాసియంత్రమును చేసికొనుట యవివేకము గాదా?” యని కొందరందురు. వ్యయము విషయమున వారిమాట నిజమే. లక్షలకొలది చేయువానితో పదులు చేయువాడు ధరలో పోటీపడజాలడు. కాని తక్కువ ధర కంపెనీవారి నేర్పువలననే వచ్చినది కాదు. రేపటి సిరా లాభమును నేటి యంత్రపు ధరనుండి ముందుగా మినహాయించుట వలనను వచ్చినది. ఐదేండ్ల సిరాను గూడ కలిపి లెక్కించి, పిమ్మట చౌక యేదో నిర్ణయింపవలసినదిగా ఆ విమర్శకులను కోరుచున్నాము.

“ఏండ్లతరబడి పరిశోధనకు ధనము వెచ్చించిన కంపెనీ ప్రతిఫలము కోరుట న్యాయము గాదా?” యనునది రెండవ వాదము. న్యాయమే. ఆ ప్రతిఫలమునకే లోకము పేటెంటు నిచ్చినది. ఆ హక్కు సాధారణముగా ఇరువది సంవత్సరములకు ముగియును. ముగిసిన పిదప జ్ఞానము ప్రజలది. ఆ గడువులోపల సైతము అమ్మిన వస్తువుపై పెత్తనమునకు మితి గలదని 2017లో అమెరికా సుప్రీముకోర్టు లెక్సుమార్కు వ్యాజ్యమునందు తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము లేజరు ప్రింటర్ల టోనరు కార్ట్రిడ్జిలను గూర్చినది. వస్తువును ఒకసారి విక్రయించిన పిదప దానిపై పేటెంటు హక్కు తీరిపోవునని న్యాయస్థానము నిశ్చయించెను. పేటెంటు గడువునకు చిప్పు తాళమును జోడించి దానిని చిరకాలము పొడిగించుకొనుట ప్రతిఫలము గాదు, అది కబ్జా.

ప్రజలు పట్టుపట్టినచో కంపెనీలు మారవని తలపరాదు. ఇండొనీషియాయందు జనులు ప్రింటరు ప్రక్కన సీసాలుంచి, సన్నని గొట్టములద్వారా సిరా నందించుకొనుట కలవాటుపడియుండిరి. 2010లో ఎప్సన్ సంస్థ అచ్చటనే తొట్టిసిరా ప్రింటర్లను తొలుత విడుదల చేసి, ఆ వాడుకను తానే చేపట్టినది. నేడు మన బజారులందును సీసాసిరా ప్రింటర్లు విరివిగా నున్నవి. వీధిమూల దుకాణమున సిరింజితో కార్ట్రిడ్జి నింపు కుఱ్ఱవాడు చేసినదికూడ చిన్న స్వాతంత్ర్యమే యని మా యభిప్రాయము.

ఇక కర్తవ్యము. మొదట, చేతనైనదానిని పూర్తిగా చేయవలెను: చట్రము, కాగితపు నడక, విద్యుత్పలక, ఆజ్ఞావళి, మూతయు తుడుపు పట్టీయు గల శుభ్రపరచు మూల. వీనిని ఏ ముక్కునైనను తగిలింపదగునట్లు ఒక ప్రమాణముగా నిర్ణయించిన, కార్ట్రిడ్జి మారినను యంత్రము బ్రతుకును. రెండవది, ముక్కును ప్రజాధనముతో నడచు ప్రయోగశాలలు చేపట్టవలెను. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందలి నానోవిజ్ఞాన కేంద్రము వంటి స్థలములందు దుమ్ముచొరని గదులు గలవు. 1984 నాటి పన్నెండు రంధ్రముల ముక్కునకు, 1988 నాటి డెస్క్‌జెట్‌కు మూలమైన పేటెంట్ల కాలము ఎన్నడో గతించినది. ఆ పాత విద్యను పునాదిగా గొని, అంగుళమునకు 300 చుక్కలు వేయు బహిరంగపు ముక్కు నొకదానిని రూపొందించి పటములను వెల్లడించుట విశ్వవిద్యాలయమునకు తగిన కార్యము. అది ఫోటో అచ్చునకు చాలకపోవచ్చును. అడంగలు నకలునకు, కోర్టు కాగితమునకు, పిల్లల పాఠమునకు చాలును. మూడవది, ప్రభుత్వము తన కచేరీలకు వేలకొలది ప్రింటర్లు కొనునపుడు, పరాయిసిరాను నిరాకరింపని యంత్రములనే కొందునని టెండరునందు షరతు వ్రాయవలెను. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ బాగుచేసికొను హక్కును గూర్చి పోర్టలు నొకదానిని తెరచినది; ఆ హక్కు తెరపై నుండిన చాలదు, కొనుగోలు పత్రములోనికి రావలెను.

ఈ మూడును ఒక్క దినమున జరుగునవి కావు. బహిరంగపు ముక్కు మొదటిది కంపెనీవారి దానికంటె నెమ్మదిగాను, మోటుగాను నుండుట నిశ్చయము. అంతమాత్రమున నిరుత్సాహము చెందనక్కరలేదు; ఎందుచేతననగా మనము కోరునది కంపెనీని ఓడించుట గాదు. చెడిన నాడు విప్పి చూడదగిన యంత్రము, ఎండిన నాడు ఎవరి సిరానైనను పోయదగిన యంత్రము, బజారున ఒక్కటియైనను నుండవలె ననుటయే మన కోరిక. అట్టిదొకటి యున్నచో మిగిలినవారు తమ తాళములను సడలింపక తప్పదు. సొంతపొలమునందు తన యిష్టము వచ్చిన విత్తు చల్లుకొను హక్కును ఏ రైతును వదలుకొనడు. సొంతబల్లపై నున్న యంత్రమున తనకు నచ్చిన సిరా పోసికొను హక్కును మాత్ర మేల వదలుకొనవలెను? ప్రింటరు కొనబోవు ప్రతి గృహస్థుడును, ప్రతి దుకాణదారుడును, ధర యడుగుటకు ముందు “దీనిలో ఎవరి సిరా పట్టును?” అని యడుగుట నేటినుండియే మొదలిడవలసినదని కోరుచున్నాము.